చేరితేనే మందు



ఉబ్బసం ఉన్నవాళ్ళు మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉండే ఉంటారు. వాళ్ళ చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ పరికరాన్ని మీరు చూసే ఉంటారు. అందులో క్యాప్సూల్ పెట్టి, అడుగు భాగం తిప్పి, నోటికి ఆనించి ఒక్కసారి గట్టిగా పీలుస్తారు. ఆ క్యాప్సూల్లో చిటికెడు కూడా ఉండని తెల్లటి పొడి ఉంటుంది. ఆ పొడి గొంతులోనే ఆగిపోకుండా, ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల దాకా వెళ్ళేలా తయారుచేయడం నా వృత్తి. దీన్ని ఫార్ములేషన్ అంటారు. మందును కనిపెట్టడం ఒక పని. కనిపెట్టిన మందును మనిషి వాడుకోగలిగే రూపంలోకి తేవడం మరో పని. మాది ఆ రెండోది.

విశాఖపట్నంలో ఫార్మసీ చదివి, హైదరాబాదులో మాత్రల తయారీ నేర్చుకుని, ఇప్పుడు ఇంగ్లండులో చెషైర్ అనే కౌంటీలో, హోమ్స్ చాపెల్ అనే ఊళ్ళో ఈ పని చేస్తున్నాను. ఈ కొద్ది నిమిషాల్లో నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. మందు ఎంత గొప్పదైనా చేరాల్సిన చోటికి చేరితేనే మందు. దాన్ని అక్కడికి చేర్చడానికి ఎంతోమంది ఏళ్ళ తరబడి పాటుపడతారు. ఆ ప్రయాణంలో చివరి అడుగు మాత్రం రోగి చేతిలోనే ఉంది.

ముందు ఒక లెక్క చెబుతాను. ఉబ్బసానికి వాడే ఫార్మోటెరాల్ అనే మందు ఒక మోతాదు 6 మైక్రోగ్రాములు. అంటే ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలు. అంత కొంచెం పొడిని చెంచాతో తీయలేం, మామూలు త్రాసులో తూచలేం. అయినా ప్రతి క్యాప్సూల్లోనూ అది సరిగ్గా అంతే ఉండాలి. మొదటి క్యాప్సూల్లో ఎంత ఉందో లక్షో క్యాప్సూల్లోనూ అంతే ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా పనిచేసిందో, రెండేళ్ళ తర్వాత ఒక పల్లెలో మందుల షాపు అరలోంచి తీసినప్పుడూ అలాగే పనిచేయాలి. ఈ మూడు షరతులూ తీర్చడానికే మా చదువూ మా యంత్రాలూ.

ఇలాంటి పని పెద్ద నగరంలో జరుగుతుందని చాలామంది అనుకుంటారు. కానీ నేను పనిచేసే హోమ్స్ చాపెల్ ఒక చిన్న ఊరు. అది మాంచెస్టర్‌కు దక్షిణంగా, క్రూ జంక్షన్‌కు వెళ్ళే రైలు దారిలో ఉంది. పక్కనే డేన్ నది. చుట్టూ పచ్చిక బయళ్ళు, వాటి నిండా పాడి ఆవులు. చెషైర్ చీజ్‌కు పేరుపడ్డ ప్రాంతం అది. కొన్ని మైళ్ళ దూరంలో పొలాల మధ్య జోడ్రెల్ బ్యాంక్ ఉంది. 1957లో పని మొదలుపెట్టిన 76 మీటర్ల వెడల్పు రేడియో టెలిస్కోపు అక్కడ ఇప్పటికీ ఆకాశం వైపు తిరుగుతూనే ఉంటుంది. ఇంకొంచెం దూరంలో ఆల్డర్లీ పార్క్ ఉంది. గుండె జబ్బులకు వాడే ప్రొప్రనలాల్, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్, ఈ రెండూ 1960లలో అక్కడి ప్రయోగశాలల్లో పుట్టినవే. మన దేశంలో లక్షలమంది మింగిన మాత్రల పుట్టిల్లు ఆ పచ్చిక బయళ్ళే.

ఇక హోమ్స్ చాపెల్ కథ. బెంగర్ అనే సంస్థ మాంచెస్టర్‌లో మొదలైంది. జీర్ణశక్తి తగ్గినవాళ్ళ కోసం పాలల్లో కలుపుకుని తాగే ఆహారం తయారుచేసేది. గోధుమపిండిలో, ఆహారాన్ని అరిగించే ఎంజైములు చేర్చి చేసిన పొడి అది. ఆ సంస్థ 1930లలో ఈ ఊరికి తరలివచ్చింది. తర్వాత 1947లో ఫైసన్స్ అనే పెద్ద సంస్థలో భాగమైంది. 1956లో ఆ సంస్థ ప్రయోగశాలలో ఒక వైద్యుడు ఉద్యోగంలో చేరారు. ఆయన పేరు రోజర్ ఆల్టూన్యన్.

ఆయన ఆర్మీనియన్ మూలాలున్న వైద్యుల కుటుంబంలో 1922లో పుట్టారు. సిరియాలోని అలెప్పో నగరంలో వాళ్ళ తాతగారు కట్టిన ఆసుపత్రి ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో ఉండి పైలట్లకు విమానం నడపడం నేర్పారు. యుద్ధం తర్వాత వైద్యం చదివి అలెప్పో వెళ్ళి, అక్కడి రాజకీయ పరిస్థితుల వల్ల తిరిగి ఇంగ్లండు రావలసివచ్చింది. ఆయనకు స్వయంగా ఉబ్బసం ఉంది. గినీపిగ్ అనే చిన్న జంతువు వెంట్రుకలు, చర్మపు పొట్టు తగిలితే ఆయనకు ఆయాసం వచ్చేది. ఆ బలహీనతనే ఆయన పరిశోధనకు సాధనంగా మార్చుకున్నారు.

తూర్పు మధ్యధరా ప్రాంతంలో అమ్మి విస్నాగా అనే మొక్క పెరుగుతుంది. దాని గింజల్లో ఖెల్లిన్ అనే పదార్థం ఉంది. ఈజిప్టులో ఆ గింజల కషాయం మూత్రంలో రాళ్ళ నొప్పికి తాగేవాళ్ళు. ఖెల్లిన్‌ను ఆధారం చేసుకుని రసాయన శాస్త్రజ్ఞులు కొత్త కొత్త పదార్థాలు తయారుచేసి ఇచ్చేవారు. ఆల్టూన్యన్ వాటిని పీల్చి, ఆ తర్వాత గినీపిగ్ పొట్టు నుంచి తీసిన ద్రవాన్ని పీల్చి, తన ఊపిరి ఎంత బిగుసుకుందో కొలుచుకునేవారు. వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ళ తరబడి, కావాలని ఆయాసం తెచ్చుకున్నారు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ దీనికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఆ నియమాలు రోగులను కాపాడటానికే వచ్చాయి. కానీ ఆయన పడిన కష్టానికి నేను తలవంచి నమస్కరిస్తాను.

1965లో సోడియం క్రోమోగ్లైకేట్ చేతికొచ్చింది. ముందుగా పీలిస్తే ఆయాసం రాకుండా ఆపగలిగిన పదార్థం అది. కానీ ఒక చిక్కు ఉంది. దాన్ని మాత్రగా మింగితే నూటికి ఒక వంతు మాత్రమే రక్తంలో కలుస్తుంది. మిగిలినదంతా వృథాగా బయటకు పోతుంది. పైగా ఒక మోతాదుకు 20 మిల్లీగ్రాములు కావాలి. అప్పటికి ఉన్న స్ప్రే డబ్బాల్లో ఒక నొక్కుకు వచ్చే మందు అందులో ఎంతో చిన్న భాగం. అంటే గొప్ప మందు దొరికింది, అది వెళ్ళడానికి దారి దొరకలేదు. ఫార్ములేషన్ వాళ్ళ పని మొదలయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే.

దారి ఆల్టూన్యన్‌కు విమానాల అనుభవంలో దొరికింది. ప్రొపెల్లర్ గురించి బాగా తెలిసిన మనిషి ఆయన. మందు పొడి నింపిన క్యాప్సూల్‌కు చిల్లులు పెట్టి, ఒక బుల్లి ప్రొపెల్లర్‌కు తగిలించి, దాన్ని గొట్టంలో అమర్చితే, రోగి గాలి పీల్చగానే ప్రొపెల్లర్ గిరగిరా తిరుగుతుంది. ఆ ఊపుకు పొడి చిల్లుల్లోంచి చెదిరి గాలితోపాటు లోపలికి వెళుతుంది. స్పిన్‌హేలర్ అనే పరికరం అలా వచ్చింది. స్ప్రే డబ్బా వాడాలంటే చేయి నొక్కడం, ఊపిరి పీల్చడం ఒకే క్షణంలో జరగాలి. పిల్లలకూ ముసలివాళ్ళకూ అది కష్టం. ఈ పరికరంలో ఊపిరి కదిలితేనే మందు కదులుతుంది. 1967లో ప్రయోగ ఫలితాలు లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చాయి. 1968లో ఇంటాల్ అనే పేరుతో మందు మార్కెట్లోకి వచ్చింది. తర్వాత పీల్చే స్టీరాయిడ్లు వచ్చి క్రోమోగ్లైకేట్ వాడకం తగ్గిపోయింది. పొడిని ఊపిరితో లోపలికి పంపే పద్ధతి మాత్రం నిలబడింది. నేనిప్పుడు బతుకుతున్నది ఆ పద్ధతి మీదే.

పద్ధతి చెప్పడం తేలిక, పొడిని ఒప్పించడం కష్టం. ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళాలంటే పొడి రేణువు ఒకటి నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. మనిషి వెంట్రుక మందంలో అది పదో వంతు కూడా ఉండదు. అంతకన్నా పెద్దదైతే గొంతు వెనక గోడకు కొట్టుకుని అంటుకుపోతుంది. మరీ చిన్నదైతే లోపలికి వెళ్ళినా ఎక్కడా ఆగకుండా నిశ్వాసంతో తిరిగి బయటకు వచ్చేస్తుంది. కాబట్టి మందు రేణువులను గాలి ఒత్తిడితో ఒకదానికొకటి ఢీకొట్టించి మెత్తగా నలగ్గొడతాం. అక్కడే రెండో చిక్కు వస్తుంది. ఉప్మా రవ్వ చేతివేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది, బియ్యప్పిండి ముద్దలు కడుతుంది. పొడి మెత్తనయ్యేకొద్దీ రేణువుకు రేణువు అతుక్కుంటుంది. అంత మెత్తటి మందు యంత్రంలో జారదు, క్యాప్సూల్లో సమంగా నిండదు, పీల్చినా విడిపోదు.

దీనికి విరుగుడు లాక్టోజ్. అంటే పాల చక్కెర. చీజ్ చేయగా మిగిలిన తేటనీటి నుంచి దాన్ని తీస్తారు. యాభై, వంద మైక్రాన్ల లాక్టోజ్ స్ఫటికాలకు మందు రేణువులను అంటించి ఆ మిశ్రమాన్ని నింపుతాం. స్ఫటికం పెద్దది కాబట్టి చక్కగా జారుతుంది. రోగి పీల్చినప్పుడు మందు రేణువులు స్ఫటికాన్ని వదిలి గాలిలో కలవాలి. బరువైన లాక్టోజ్ నోట్లోనో గొంతులోనో ఆగిపోతుంది, తేలికైన మందు ముందుకు సాగుతుంది. మందు గట్టిగా అంటుకుంటే పీల్చినప్పుడు ఊడిరాదు. వదులుగా అంటుకుంటే యంత్రంలోనే విడిపోయి, ఒక క్యాప్సూల్లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడుతుంది. ఈ రెండింటి మధ్య సరైన పట్టు ఎక్కడుందో వెతకడంలోనే మా కాలం గడుస్తుంది. లాక్టోజ్‌ను ఎక్కడ కొన్నాం, ఎంతసేపు కలిపాం, ఏ వేగంతో కలిపాం, కలిపాక ఎన్నాళ్ళు కదపకుండా ఉంచాం, ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి.

తేమ ఇంకో పెద్ద చిక్కు. క్రోమోగ్లైకేట్ సంగతే చూడండి. గాలిలో తేమ పెరిగేకొద్దీ అది నీటిని తనలోకి లాక్కుంటుంది. ఒక్కో అణువు తొమ్మిది నీటి అణువుల దాకా పట్టుకోగలదు. పట్టుకునేకొద్దీ స్ఫటికమే ఉబ్బుతుంది. తేమ మరీ తగ్గినా ఇబ్బందే. చెషైర్ చలికాలంలో హీటర్లు వేసి గది గాలి ఎండిపోతే పొడికి విద్యుదావేశం పట్టుకుంటుంది. తూచబోతే గరిటె మీంచి ఎగిరి గాజుకు అతుక్కుంటుంది. అందుకే మా గదుల్లో వేడి, తేమ రెండూ గీత గీసినట్టు ఉండాలి. బయట మంచు కురిసినా వాన కురిసినా లోపల మారకూడదు.

తయారైన పొడి ఎంత లోతుకు వెళుతుందో తెలుసుకోవడానికి ఒక పరికరం ఉంది. లోహంతో చేసిన గొంతు, దాని వెనక వరుసగా ఏడు అరలు. పెద్దవాళ్ళు ఒక్క పీల్పులో తీసుకునే నాలుగు లీటర్ల గాలిని పంపుతో లాగుతాం. పెద్ద రేణువులు ముందు అరల్లో, చిన్నవి వెనక అరల్లో పడతాయి. ఒక్కో అరనూ కడిగి అందులో ఎంత మందు ఉందో కొలుస్తాం. ఈ కొలతలు చూసిన మొదటి రోజుల్లో నాకు ఆశ్చర్యం కలిగింది. చాలా పొడి ఇన్‌హేలర్లలో సగానికి పైగా మందు ఊపిరితిత్తులకు చేరదు. నోట్లోనో గొంతులోనో పరికరంలోనో మిగిలిపోతుంది. చేరే భాగాన్ని కొద్ది శాతం పెంచినా అది ఎందరికో ఉపశమనం.

ఆ తర్వాత కాలపరీక్ష. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న పెట్టెల్లో మందును ఆరు నెలలు ఉంచి చూస్తాం. బ్రిటన్ లాంటి చోట్లకు పంపే మందును 25 డిగ్రీలు, 60 శాతం తేమలో ఏళ్ళపాటు పరీక్షిస్తే, మన దేశం లాంటి ఉష్ణప్రాంతాలకు పంపే మందును 30 డిగ్రీలు, 70, 75 శాతం తేమలో పరీక్షించాలి. ఆ పెట్టె తలుపు తీసినప్పుడు ముఖానికి తగిలే ఉక్కపోత నాకు బాగా తెలిసినది. ఆషాఢంలో మా కోస్తా ఊరి గాలే అది. అక్కడ నిలబడలేని మందు మనవాళ్ళకు పనికిరాదని ఆ పెట్టె ముందు నిలబడ్డ ప్రతిసారీ అనుకుంటాను.

ఇప్పుడు మా రంగంలో ఇంకో పెద్ద మార్పు జరుగుతోంది. నొక్కితే స్ప్రే వచ్చే ఇన్‌హేలర్ 1956లో వచ్చింది. అందులో మందును తోసే వాయువు మొదట్లో సీఎఫ్‌సీ రకం. అది ఓజోన్ పొరను తినేస్తుందని తేలాక 1987 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని మాన్పించారు. దాని బదులు వచ్చిన హెచ్‌ఎఫ్‌ఏ 134ఏ ఓజోన్‌కు హాని చేయదు. కానీ వందేళ్ళ లెక్కన చూస్తే అది ఒక కిలో గాలిలో కలిస్తే దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని పట్టి ఉంచుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ వదిలే కర్బన ఉద్గారాల్లో సుమారు 3 శాతం ఇన్‌హేలర్ల వల్లే. కాబట్టి మళ్ళీ కొత్త వాయువులు వస్తున్నాయి. వాయువు మారితే దాంట్లో మందు కరిగే తీరు మారుతుంది, మూతలోని రబ్బరు ఉబ్బే తీరు మారుతుంది, తుంపర పరిమాణం మారుతుంది. పాత మందే అయినా పని మళ్ళీ మొదటి నుంచి చేయాలి. భూమికీ మేలు జరగాలి, రోగి ఊపిరికీ లోటు రాకూడదు. ఈ రెండింట్లో ఏ ఒక్కదాన్నీ వదులుకోవడానికి నేను ఒప్పుకోను.

నాతో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. పొడి కలిపే యంత్రం దగ్గర ఏళ్ళుగా ఉన్నవాళ్ళు ఉన్నారు. మిశ్రమం తేడాగా ఉంటే కొలతలు రాకముందే, అది జారే తీరు చూసి చెప్పేస్తారు. వాళ్ళ మాటను నేను పుస్తకంతో సమానంగా గౌరవిస్తాను. అక్కడి బడుల్లో ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్లు పేర్లు రాసి అందుబాటులో ఉంచుతారు. ఉదయం మనం లెక్కలు రాసిన వస్తువు సాయంత్రం పక్కింటి పిల్లవాడి సంచిలో కనబడుతుంది. నగరంలో ఉన్నప్పుడు నాకు బ్యాచ్ నంబర్లు కనిపించేవి. ఊళ్ళో మనుషులు కనిపిస్తారు. ఒక కొలత అనుమానంగా ఉన్నప్పుడు ‘పరవాలేదులే’ అనకుండా మళ్ళీ మొదటి నుంచి చేయడానికి ఆ ముఖాలు చాలు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. స్పిన్‌హేలర్ దారిలోనే తర్వాత రోటాహేలర్ వచ్చింది. మన ఊళ్ళ మందుల షాపుల్లో దొరికే రోటాక్యాప్స్ వాడేది దాంట్లోనే. అందరికీ తెలిసిన వస్తువే. అయినా మనవాళ్ళలో ఒక భయం గట్టిగా ఉంది. ‘పంపు పెట్టామంటే అలవాటైపోతుంది, ఇక జన్మంతా వదలదు, మాత్రలే నయం’ అంటారు. పిల్లకు ఇన్‌హేలర్ ఇస్తే రేపు పెళ్ళికి ఇబ్బందని దాచిపెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మాత్ర మింగితే మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి, అందులో కొద్ది భాగమే ఊపిరితిత్తులకు వస్తుంది. అందుకే మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. పీలిస్తే నేరుగా జబ్బున్న చోటే పడుతుంది. అందుకే ఇప్పటి మందుల్లో చాలావాటికి మైక్రోగ్రాములు సరిపోతాయి. తక్కువ మందు, తక్కువ దుష్ఫలితాలు. ఇన్‌హేలర్ అలవాటు చేసే వస్తువు కాదు. ఉబ్బసం దీర్ఘకాలం ఉండే జబ్బు కాబట్టి దాన్ని అదుపులో ఉంచే మందూ ఎక్కువ కాలం కావాలి. డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపేస్తే ప్రమాదం.

చివరి అడుగు రోగి చేతిలో ఉందన్నాను కదా. అదేమిటో చెబుతాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. రోటాహేలర్ లాంటి పొడి మందు వాడేటప్పుడు, ముందుగా ఊపిరి పూర్తిగా బయటకు వదలండి, పరికరంలోకి మాత్రం ఊదకండి. మీ ఊపిరిలోని తేమ పొడిని ముద్ద చేస్తుంది. పెదవులు బిగించి, వేగంగా, లోతుగా పీల్చండి. ఇక్కడ పొడిని విడదీసేది మీ ఊపిరి బలమే. నొక్కే స్ప్రే అయితే దీనికి వ్యతిరేకం, నెమ్మదిగా లోతుగా పీల్చాలి. పిల్లలకూ పెద్దవాళ్ళకూ స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే ఇంకా సులువు. ఏదైనా సరే, పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టండి. స్టీరాయిడ్ ఉన్న మందైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి. క్యాప్సూల్‌ను వాడే ముందే డబ్బాలోంచి తీయండి. స్నానాలగదిలోనూ పొయ్యి పక్కనా పెట్టకండి. ఆ క్యాప్సూల్ మింగడానికి ఇచ్చింది కాదని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఫార్మసీ చదువుతున్న పిల్లలకు ఒక మాట. కొత్త అణువును కనిపెట్టినవాళ్ళకే పేరొస్తుందని ఫార్ములేషన్‌ను చిన్నచూపు చూడకండి. క్రోమోగ్లైకేట్ సీసాలోనే ఉండిపోయి ఉంటే ఒక్క పిల్లవాడికీ ఊపిరి ఆడేది కాదు. ఓపిక ఉన్నవాళ్ళకు ఈ పనిలో గొప్ప తృప్తి ఉంది. మందుల షాపులో నిలబడే ఫార్మసిస్టులకూ ఒక మాట. ఇన్‌హేలర్ అమ్మేటప్పుడు రెండు నిమిషాలు వాడే తీరు చూపించండి. మేము ఏళ్ళు కష్టపడి పెంచిన కొద్ది శాతం ఆ రెండు నిమిషాలు లేకపోతే గొంతులోనే ఉండిపోతుంది.

ఇన్‌హేలర్ వాడుతున్న శ్రోతలకు నా మనవి ఒక్కటే. ఈసారి డాక్టరు దగ్గరికో మందుల షాపుకో వెళ్ళినప్పుడు పరికరం వెంట తీసుకెళ్ళండి. మీరు ఎలా పీలుస్తున్నారో చేసి చూపించండి. తప్పుంటే సరిదిద్దమని మొహమాటం లేకుండా అడగండి. అలా అడగడం మీ హక్కు.